ముంగాలి నొప్పియు, ఓర్పు సిద్ధాంతమును

తెలుగు రాష్ట్రములలో పోలీసు నియామకములకో సైనిక నియామకములకో ప్రకటన వెలువడినంతనే కళాశాలల ఆటస్థలములును, చెరువుకట్టలును, ఊరి వెలుపలి బైపాసు రోడ్లును తెల్లవారకమునుపే పరుగెత్తు యువతీయువకులతో నిండిపోవుట మనమెల్లరము ఎరిగినదే. రెండు మూడు వారములు గడచునప్పటికి వారిలో పెక్కుమందికి మోకాలికిని చీలమండకును నడుమ, ముంగాలి యెముక లోపలి యంచు వెంబడి నొప్పి పుట్టును. మొదట పరుగు ఆరంభించునప్పుడు మాత్రమే తోచి, ఒడలు వేడెక్కగానే మఱుగుపడు ఆ నొప్పి, క్రమముగా పరుగు ముగిసిన పిమ్మటను నిలిచి, తుదకు మెట్లు దిగునప్పుడును పీడించును. దానిని వారు షిన్ పెయిన్ అందురు. దానికి గ్రౌండులో లభించు ఉపదేశము మాత్రము ఒక్కటే: "కొత్తలో అందరికీ వచ్చేదే, ఆపవద్దు, ఓర్చుకొని పరుగెత్తితే కాలు గట్టిపడుతుంది."

ఈ యుపదేశము శిక్షకుల నోటను, ముందటి నియామకములలో నెగ్గినవారి నోటను, కన్నవారి నోటను ఒకే రీతిగా వినవచ్చుచు, విచారణకు అతీతమైన ఆప్తవాక్యముగా చెల్లుబాటగుచున్నది. ఇది శరీరశాస్త్రమునకు విరుద్ధమనియు, దీనికి ఆధారముగా చూపబడు సైనికుల అనుభవమే దీనిని ఖండించుచున్నదనియు, దీనిని నమ్మి బీదయింటి బిడ్డలు తమ యేండ్ల శ్రమను చేజేతుల పాడుచేసికొనుచున్నారనియు నా నిశ్చితాభిప్రాయము. దానిని హేతుపూర్వకముగా నిరూపింపబూనుచున్నాను.

ప్రతిపక్షమును బలహీనపరచి ఖండించుట న్యాయము కాదు గనుక, ఓర్పు సిద్ధాంతమును దాని వాదులు చెప్పుదానికంటెను పటిష్ఠముగా మొదట నిలుపుదును. వారి మొదటి వాదము ఇది: దేహము భారమును మోయుటచేతనే బలపడును, మోయనివాని కండ కరగును, ఎముక పలుచనగును, కావున నొప్పికి జడిసి పరుగు మానినవాని కాలు ఎన్నటికిని గట్టిపడదు. రెండవది: సైన్యములు తరతరములుగా కఠోరశిక్షణచేతనే పచ్చి యువకులను యోధులుగా తీర్చుచున్నవి. మూడవది: నొప్పితోనే పరుగెత్తి కొలువు సంపాదించినవారు ప్రతి మండలమునను కలరు, ప్రత్యక్షమును మించిన ప్రమాణమేది? ఈ మూటికిని తోడు, పరీక్షతేది తరుముచుండగా విశ్రాంతి అనునది కలవారి భోగమే కాని లేనివారికి చెల్లదను ఆచరణవాదమొకటి కలదు. ఇందు ప్రతియొక దానియందును కొంత సత్యము కలదు; ఆ కొంత సత్యమే తక్కిన అసత్యమునకు కవచమై దానిని ఇంతకాలము కాపాడుచున్నది.

ముందుగా వ్యాధిస్వరూపమును తెలిసికొనవలయును. అమెరికా వైద్యసంఘము 1966లో క్రీడాగాయములకు ప్రామాణిక నామావళిని కూర్చినప్పుడు, గట్టి నేలపై పదేపదే పరుగెత్తుట వలన మోకాలి దిగువను కలుగు నొప్పికి షిన్ స్ప్లింట్స్ అను పేరును నిర్దేశించి, ఎముక పగులును రక్తప్రసార లోపమును ఆ పేరు క్రిందికి రానీయలేదు. అటుపిమ్మట 1980 దశకమునుండి వైద్యులు ముంగాలి యెముకయగు జంఘాస్థి లోపలి యంచున కలుగు ఈ బాధను ప్రత్యేకవ్యాధిగా గుర్తించి పరిశీలింపసాగిరి. ఆ యంచును వ్రేలితో నొక్కి చూచినప్పుడు కనీసము ఐదు సెంటీమీటర్ల పొడవున నొప్పి పరచుకొనియుండుట దీని ముఖ్యలక్షణము. పిక్కలోని కండరములు ఎముకపై పొరను లాగుటయే దీనికి కారణమని తొలుత తలచిరి. నేడు ఆ యెముకయే తనపై బడు భారమునకు సరితూగలేక అలసిపోవుట ప్రధానకారణమను అభిప్రాయము బలపడినది. పరుగులో ప్రతి యడుగునకును దేహభారమునకు రెండు మూడు రెట్లు బలము నేలనుండి కాలిపై మరల బడును. అర్ధగంట పరుగెత్తువాని ఒక్కొక్క పాదము రమారమి రెండువేల ఐదువందల పర్యాయములు నేలను తాకును. తాకిన ప్రతి పర్యాయమును ఆ యెముక కంటికి కనరానంత వంగి మరల నిలుచును. ఈ వంపుల మొత్తమే యెముక కెత్తిన పని. దానిని ఓర్పు సిద్ధాంతవాదులు లెక్కగొనరు.

ఇక మొదటి వాదమును పరీక్షింతము. భారముచేత ఎముక బలపడుననుట నిక్కము. బెర్లిన్ నగర శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథమున ఎముక తనపై బడు బలములకు అనుగుణముగా తన నిర్మాణమును మార్చుకొనునని ప్రతిపాదించెను. కాని యెప్పుడు బలపడును, ఏ క్రమమున బలపడును అను ప్రశ్నను మనవారు అడుగరు. భారమునకు నలిగిన యెముకను బాగుచేయుటకు దేహము మొదట నలిగిన భాగమును త్రవ్వి తొలగించును. ఆ పని చేయుటకు కొన్ని కణములకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును. పిమ్మట వేరొక జాతి కణములు ఆ గుంటలను క్రొత్త యెముకతో పూరించి గట్టిపరచుటకు నెలలు కావలయును. త్రవ్వకము త్వరితము, పూరణము మందము. ఈ రెంటి నడిమి వ్యవధిలో ఎముక మునుపటికంటె దుర్బలమై యుండును. పరుగు ఆరంభించిన రెండు మూడు వారములకే నొప్పి తలసూపుటకు కారణమును ఇందే వెదకవలయును. స్లాబు పోసిన మరునాడే సెంట్రింగు ఊడదీసి దానిపై ఇటుకలు పేర్చు మేస్త్రి లోకమున లేడు. అయినను, అంతకంటె మందముగా గట్టిపడు మానవాస్థిపై మాత్రము మనము నిత్యము ఆ పని చేయించుచున్నాము.

ఇది కేవలము ఊహ కాదు. స్వీడన్ దేశపు పరిశోధకులు దీర్ఘకాలము ఈ నొప్పితో బాధపడు క్రీడాకారుల జంఘాస్థి సాంద్రతను కొలిచి 2001లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, నొప్పి యున్న చోట వారి యెముక సామాన్యులదానికంటె 15 శాతమును, నొప్పిలేని తోడి క్రీడాకారులదానికంటె 23 శాతమును పలుచనై యుండెను. ఓర్పు సిద్ధాంతమే నిజమైనచో, నెలల తరబడి నొప్పితో ఆడినవారి కాలు అందరిదానికంటెను దృఢమై యుండవలెను గదా! అదే పరిశోధకులు నొప్పి శమించిన తరువాత మరల కొలిచి, ఎముక సాంద్రత తిరిగి చేకూరినదని 2003లో తెలిపిరి. మఱియు 2000 ప్రాంతమున ఎలుకలపై జరిగిన పరిశోధనలు, ఒకే విడతలో మోపిన భారముకంటె నడుమ గంటల విరామమిచ్చి విడతలుగా మోపిన భారమే యెముకను హెచ్చుగా బలపరచునని చూపినవి. ఏలయన కొన్ని పదుల ఒత్తిళ్ల పిమ్మట ఎముకలోని కణములు ఆ ప్రేరణకు స్పందించుట తగ్గించివేయును. కావున పరుగు ఎముకకు వార్తను మాత్రమే అందించును. బలమును కట్టునది పరుగునకును పరుగునకును నడిమి విరామము. నొప్పితో పరుగెత్తువాడు కట్టడమును ముగియనీయక కూల్చుచున్నవాడే యగును.

రెండవ వాదము సైనికులది. ఈ వాదులు సైనికవైద్య చరిత్రను చదివియుండిన దానిని తమ ఆధారముగా చూప సాహసించియుండరు. ఎముకల అలసటను లోకమునకు మొదట తెలిపినవాడు సైనికవైద్యుడే: ప్రష్యా సేనయందలి బ్రైట్‌హౌప్ట్ అను వైద్యుడు, దీర్ఘమైన కవాతుల వలన సైనికుల పాదములు వాచి నొచ్చుటను 1855లో వర్ణించెను; ఎక్స్ కిరణములు కనుగొనబడిన పిమ్మట, ఆ బాధకు మూలము పాదాస్థుల పగులని 1897లో తేలినది. అనగా కవాతు ఎముకను విరుగగొట్టగలదని సైన్యములకు నూరేండ్లకు పైబడి తెలిసిన సంగతి. అమెరికా నౌకాదళ అకాడమీయందు మొదటి సంవత్సరపు విద్యార్థులను పరిశీలించి, ముంగాలి నొప్పి వచ్చినవారిని ఐదు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు విశ్రాంతిని, మంచు కాపడమును మాత్రమే యిచ్చి, తక్కిన వర్గములకు విశ్రాంతితోబాటు ఆస్పిరిన్‌ను, మఱియొక నొప్పి మందును, పిక్క సాగదీయు వ్యాయామమును, ప్లాస్టరు కట్టును ఒక్కొక్కటిగా చేర్చి చూచి 1974లో ఫలితములను ప్రకటించిరి. విశ్రాంతిని మించి మేలు చేసినది అందు ఒక్కటియు లేదు. ఓర్చుకొని పరుగెత్తించుట ఆ యైదు చికిత్సలలో ఒకటిగానైన ఎన్నబడలేదను విషయము గమనింపదగినది. ఆస్ట్రేలియా నౌకాదళమున క్రొత్తగా చేరినవారిని పదివారముల శిక్షణలో పరిశీలించినవారు, రమారమి మూడవ వంతు మందికి ఈ వ్యాధి సోకెననియు, పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా సోకెననియు 2004లో తెలిపిరి. ఒక శిక్షణావిధానము మూడవ వంతు శిష్యులను కుంటివారినిగా చేయుచున్నప్పుడు, విచారింపవలసినది ఆ విధానమునే కాని శిష్యుల ధైర్యమును కాదు.

మూడవ వాదము ప్రత్యక్షప్రమాణమని చెప్పబడునది. నొప్పితో పరుగెత్తి నెగ్గినవాడు మరుసటి యేడు యూనిఫారముతో వచ్చి గ్రౌండులో నిలిచి తన కథ చెప్పును; నొప్పితో పరుగెత్తి ఎముక పగిలి పడిపోయినవాడు ఆ గ్రౌండు వైపు రానేరాడు, వచ్చినను వానిని అడుగువారు లేరు. నెగ్గినవారి సాక్ష్యమును మాత్రమే విని తీర్పు చెప్పు న్యాయస్థానము న్యాయస్థానము కానేరదు. పైగా నెగ్గినవాడు నొప్పి వలన నెగ్గెనా, నొప్పి యున్నను నెగ్గెనా అను భేదమును ఎవరును పాటింపకున్నారు. కొందరి యెముక పుట్టుకచేతనో, బాల్యమునుండి పొలములో చేసిన పనిచేతనో, ఏండ్ల ఆటచేతనో దృఢమై యుండును. వారు ఓర్చినది స్వల్పమైన అలసటను. పరుగులో అనుభవము కొఱవడినవారు, దేహభారము హెచ్చైనవారు, పాదపు వంపు మిక్కిలి క్రుంగువారు, మునుపొకసారి ఈ నొప్పికి గురియైనవారు ఈ వ్యాధికి సులభముగా లోనగుదురని పరిశోధనలు తెలుపుచున్నవి. సంవత్సరముల తరబడి కోచింగ్ సెంటరు గదిలో కూర్చుండి పుస్తకములు చదివి, ప్రిలిమ్స్ అను తొలి వ్రాతపరీక్ష ఫలితము వచ్చిన మరునాడు బూట్లు కట్టుకొను అభ్యర్థికి, బాల్యమునుండి కబడ్డీ యాడినవాని అనుభవము ప్రమాణమెట్లగును?

ఓర్పు సిద్ధాంతమునకు ఉపాంగములుగా వాడుకలోనున్న చిట్కాలను గూర్చియు కొంత చెప్పవలయును. పరుగునకు ముందు డైక్లోఫెనాక్ బిళ్ల మ్రింగుట, స్ప్రే కొట్టుకొనుట, క్రేప్ బ్యాండేజి బిగించుట అను మూడును గ్రౌండులలో నిత్యకృత్యములైనవి. నొప్పి యనునది కాలు మనకు చెప్పుకొను మొర. మాత్ర ఆ మొరను మనకు వినరాకుండ చేయునేకాని, మొరకు కారణమును మాన్పదు. మంచుగడ్డ కాపడముతో పరుగు పిమ్మట కొంత ఉపశమనము పొందుటలో దోషము లేదు. మరునాటి పరుగునకు అనుమతిపత్రముగా దానిని వాడుట దోషము. పరుగునకు ముందు పిక్కలను సాగదీసినచో ఏ గాయమును రాదను నమ్మకమును అట్టిదే: ఆస్ట్రేలియా సైన్యమున 1,538 మంది క్రొత్తవారిపై జరిగిన పరిశోధన, అట్లు సాగదీయుట వలన కాలిగాయములు చెప్పుకొనదగినంత తగ్గలేదని 2000లో తేల్చినది. ఖరీదైన బూట్లు కొన్నచో చాలుననువారికి నా మనవి యేమన, అరిగి గట్టిపడిన బూట్లను మార్చుటయు, అదురును కొంత పీల్చు మెత్తని అట్టను లోపల అమర్చుటయు మేలే. కాని వారములో ఐదు కిలోమీటర్లనుండి ముప్పది కిలోమీటర్లకు ఎగబ్రాకిన పరుగును ఏ బూటును క్షమింపజాలదు.

ఓర్పు సిద్ధాంతమును ఖండించు ఉత్సాహమున దాని ప్రతికూలపు తప్పును నేను సమర్థింపను. నొప్పి కనిపించగానే "నీ కాలికి పరుగు పడదు" అని తీర్పు చెప్పువారు కొందరు కలరు. నెల దినములు మంచముపై పరుండి, నొప్పి పోయినంతనే ఆగిన చోటినుండియే మరల అంత దూరమును పరుగెత్తువారు మఱికొందరు. మొదటివారు మానగల వ్యాధిని శాపముగా భావించుచున్నారు. రెండవవారు వ్యాధిని మాన్పుకొని దాని హేతువును మాత్రము భద్రముగా దాచుకొనుచున్నారు. విశ్రాంతి యనగా నిశ్చలత కాదు. ఎముకపై అదురును తగ్గించి, గుండెను ఊపిరితిత్తులను మాత్రము పనిలో నిలుపుటయే సరియైన విశ్రాంతి: సైకిలు త్రొక్కవచ్చును, ఈదవచ్చును, నొప్పి తోచనంత దూరము నడువవచ్చును. మడమలెత్తి దించు వ్యాయామమును, మోకాలు నిటారుగా నుంచి కొంతయు, వంచి కొంతయు చేసినచో పిక్కలోని రెండు కండరములును బలపడి ఎముక భారమును పంచుకొనునను ఆశ యుక్తియుక్తమే. కాని అది విశ్రాంతికి తోడేకాని బదులు కాజాలదు.

నడుచునప్పుడును, ఎముకను నొక్కినప్పుడును నొప్పి పోయిన పిమ్మట పరుగును మరల అలవరచుకొనవలయును. ఒక నిమిషము మెల్లని పరుగు, రెండు నిమిషముల నడక, ఇట్లు కొన్ని ఆవృత్తులు. ఒక దినము పరుగెత్తి మరు దినము మానుట. నొప్పి తిరిగి రానిచో కొలదికొలదిగా పరుగును పెంచుట. వచ్చినచో ఒక మెట్టు దిగుట. మొదట దూరమును, పిమ్మట వేగమును పెంచవలయును; రెంటిని ఒక్కసారి పెంచరాదు. అడుగును పొట్టి చేసి నిమిషమునకు వేయు అడుగుల సంఖ్యను ఐదు మొదలు పది శాతము వరకు పెంచినచో ఒక్కొక్క అడుగున మోకాలిపైని, తుంటికీలుపైని బడు భారము తగ్గునని 2011 నాటి పరిశోధన తెలుపుచున్నది. ఒకవైపునకు వాలియుండు తారురోడ్డు అంచున నిత్యము ఒకే దిశలో పరుగెత్తుట మాని, చదునైన మట్టినేలను ఎన్నుకొనుట మంచిది; కాని మెత్తని నేలనుండి గట్టి నేలకు, లేదా గట్టి నేలనుండి ఇసుకకు హఠాత్తుగా మారుటయు కాలికి క్రొత్త భారమేయని మరువరాదు. హాలండు దేశమున 2012లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఈ క్రమపద్ధతిని అనుసరించినవారు పదునెనిమిది నిమిషములు నిరాటంకముగా పరుగెత్తగలుగుటకు నూరు దినములకు పైబడినది. ఈ సంఖ్యను చూచి నిరాశ చెందవలసినది రోగి కాదు. మొదటి వారముననే వానిని ఆపక, నొప్పి ముదురువరకు పరుగెత్తించినవాడు సిగ్గుపడవలయును.

ఇక భయపడవలసిన లక్షణములను స్పష్టముగా చెప్పుట నా విధి. నొప్పి ఎముక పొడవునా పరచుకొనక వ్రేలి కొనతో చూపగల ఒక్క బిందువున నిలిచినను, రాత్రి పడుకొన్నప్పుడు సలిపినను, ఒంటికాలిపై గెంతినప్పుడు భరింపరానిదైనను, అది ఎముక పగులు కావచ్చును. అట్టివారు తక్షణము పరుగాపి ఎముకల వైద్యుని చూడవలెను. తొలివారములలో ఎక్స్‌రేలో ఏమియు కనబడకుండుట సాధారణము గనుక, ఎక్స్‌రే బాగుగానున్నదని మరల పరుగునకు దిగరాదు. అవసరమైనచో ఎంఆర్ఐ పరీక్ష సత్యమును తెలుపును. పరుగెత్తుకొలది పిక్క బిగిసి, పాదము తిమ్మిరెక్కి, ఆగినంతనే కొలది నిమిషములలో తగ్గుచున్నచో అది కండరముల అరలో ఒత్తిడి పెరుగు వేరొక వ్యాధి. యువతుల విషయమున మఱియొక మాట: చాలినంత తినక పరుగెత్తుటచే ఋతుక్రమము తప్పుట ఎముక క్షీణించుటకు సూచన, దానిని శిక్షణాఫలముగా భావించి సంతోషించువారు తమ యెముకలను తామే హరించుకొనుచున్నారు. అమెరికా నౌకాదళమున చేరిన స్త్రీలకు కాల్షియమును, విటమిన్ డిని ఎనిమిది వారములు ఇచ్చి చూడగా ఎముక పగుళ్లు ఐదింట ఒక వంతు తగ్గినవని 2008లో తేలినది. పాలును, పప్పును, గ్రుడ్లును, కంటినిండ నిద్రయు శిక్షణలో భాగములే.

మిగిలినది ఆచరణవాదము: కాలము లేదు గదా యని. ఈ వాదమునకు నేను లెక్కతో సమాధానము చెప్పుదును. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకములలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకన్లలోను ముగింపవలసియుండెను. అదే యేడు ప్రకటింపబడిన ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నియామకములలో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషములు విధింపబడినవి. అందు గరిష్ఠముగా అడుగబడినది ఒకటిన్నర కిలోమీటరుకు కొంచెము పైబడిన దూరము. దానికై దినమునకు పది కిలోమీటర్లు, వారమునకు ఏడు దినములు, సిమెంటు రోడ్డుపై పరుగెత్తింపవలసిన అగత్యము ఏ శాస్త్రమునను లేదు. వారమునకు మూడు నాలుగు దినముల పరుగు, నడుమ విరామదినములు, అప్పుడప్పుడు వేగసాధన: ఇవి ఆరు నెలలు ముందుగా ఆరంభింపబడినచో చాలును. దరఖాస్తు చేసిన దినముననే నడకతో కూడిన పరుగును మొదలిడిన అభ్యర్థి, వ్రాతపరీక్షకు చదువుకొనుచునే తన యెముకకు కావలసిన నెలలను ఇచ్చినవాడగును. కాలము లేకపోవుట ప్రకృతిధర్మము కాదు; చదువు ముందు, దేహము తరువాత యను మన ప్రణాళికాదోషము. లేనివారికి విశ్రాంతి భోగమనుట మిక్కిలి క్రూరమైన వాక్యము. ఎందుకనగా ఎముక పగిలినచో నెలల చికిత్సను, మరల ప్రకటన వచ్చువరకు నిరీక్షణమును, వయఃపరిమితి దాటిపోవుటను భరింపజాలనివారు లేనివారే.

కావున నేను కోరునది స్పష్టము. శిక్షణకేంద్రములు చేర్చుకొను దినముననే అభ్యర్థి పూర్వానుభవమును, మునుపటి గాయములను అడిగి తెలిసికొని, అనుభవము లేనివారిని వేరు వర్గముగా తీర్చి, నడకతో ఆరంభింపవలయును. ముంగాలి నొప్పి చెప్పుకొన్నవానిని అందరియెదుట పిరికివానిగా నిలబెట్టు ఆచారమును శిక్షకులు ఈ దినముననే మానవలయును. నొప్పిని మొదటి దినమున చెప్పువాడు వారములను మిగుల్చుకొనును, ముప్పదవ దినమున చెప్పువాడు నెలలను కోల్పోవును. నియామక మండలులు దేహదారుఢ్య పరీక్షల తేదీలను చాల ముందుగా ప్రకటించి, ప్రకటనతోపాటే శిక్షణాక్రమమును తెలుగులో ముద్రించి యీయవలయును. అభ్యర్థులు తమ దేహము పలుకు మాటను ఎవరి యెగతాళికిని వెరువక నమ్మవలయును. ఓర్పు గొప్ప గుణమే. అది పరుగెత్తవలెనను తహతహను అణచుకొని విరామదినమును పాటించుటయందు వినియోగపడినప్పుడు కాలిని గట్టిపరచును, నొప్పిపై నొప్పిని పేర్చుటయందు వినియోగపడినప్పుడు కాలిని విరుచును. ఈ భేదమును నేర్పనివాడు పరుగు నేర్పుటకు అర్హుడు కాడు.